ర్యాంపు మీద ట్రైలర్: నూకే ముందు చేసే లెక్క

పోయిన ఎపిసోడ్‌లో సైటు మీద తిరిగే చిన్న ట్రైలర్ల గురించి రెండు నిమిషాలు మాట్లాడాను. కంప్రెసర్, లైట్ టవర్, చిన్న జనరేటర్, నీళ్ల ట్యాంకు. రెండు చక్రాల మీద నిలబడి, ముందట కొక్కెం, దాని కింద జాకీ చక్రం ఉండే బండ్లు. మిగతా గంట ముచ్చట కంటే ఆ రెండు నిమిషాలకే ఎక్కువ వాయిస్ మెసేజ్‌లు వచ్చాయి. చాలామందిది ఒకటే ప్రశ్న: "అన్నా, చేత్తో ర్యాంపు ఎక్కించాలంటే ఎంతమంది కావాలె?" ఇది అంకెల వ్యవహారం. వింటే గుర్తుండదు, అందుకే రాసి పెడుతున్నాను.

నేను పనిచేసేది మస్కట్‌లో. ఇక్కడ ఊరే రాళ్ల గుట్టల నడుమ ఉంటది. విల్లా కట్టాలంటే గుట్టను కోసి చదును చేసుకోవాలి. సైటులోకి పోయే తొవ్వ చాలాచోట్ల నిటారుగా ఉంటది. దుబాయ్, దోహాలో నేల చదునే కదా అంటారేమో. అక్కడ బేస్‌మెంట్ పార్కింగ్ ర్యాంపులు ఉన్నాయి. లెక్క అక్కడా ఇక్కడా ఒకటే.

"ఎంతమంది" అని అడిగేముందు "ఎన్ని కిలోలు" అని అడగాలి. దానికి ఇంజనీరు అక్కర్లేదు. మేస్త్రీ దగ్గర ఉండే రసమట్టం, ఒక టేపు, మీటరు పొడుగున్న వంకర లేని పట్టె చాలు. పట్టె పై కొసను ర్యాంపుకు ఆనించండి. రసమట్టంలో బుడగ నడుమకు వచ్చేదాకా కింది కొసను పైకి లేపండి. ఇప్పుడు కింది కొసకు, నేలకు మధ్య సందు ఎంతుందో కొలవండి. 10 సెంటీమీటర్లు వస్తే వాలు నూటికి పది. డ్రాయింగులో దాన్నే 1:10 అని రాస్తారు. ర్యాంపు అంతా ఒకే తీరుగా ఉండదు కాబట్టి మూడు నాలుగు చోట్ల కొలిచి, అన్నిటికంటే నిటారుగా ఉన్నచోటి అంకెనే పట్టుకోండి.

బండి బరువు దాని ప్లేటు మీద ఉంటది. డీజిల్ లేకుండా ఎంత, నిండుగా ఎంత అని రెండు అంకెలుంటే పెద్దదే తీసుకోండి. లోపల ఎవరో పెట్టిన గొట్టాలు, బ్రేకర్లు, పాత బ్యాటరీలు ప్లేటు మీద రాసి ఉండవు. డోరు తీసి చూడండి.

సైటు మీద మామూలుగా కనపడే చిన్న కంప్రెసర్‌ను వెయ్యి కిలోలు అనుకుందాం. వాలు నూటికి పది. అంటే ఆ బండిని కిందికి గుంజే బలం వెయ్యిలో పదోవంతు, 100 కిలోలు. గట్టి కాంక్రీటు మీద చక్రం దొర్లడానికి ఇంకో నూటికి రెండు, అంటే 20 కిలోలు. ఎక్కించేటప్పుడు 120 కిలోల బలం పెట్టాలి. దింపేటప్పుడు ఆ 20 మనకే సాయం చేస్తది కాబట్టి 80 కిలోలను పట్టి ఆపాలి. సందు 15 సెంటీమీటర్లు వస్తే ఎక్కడానికి 170, దిగడానికి 130. ఇసుక, వాదిలోని గులకరాళ్లు అయితే దొర్లే బరువు నూటికి పది దాటి పోతది. ఎక్కించడానికి కావలసిన బలం రెండింతలవుతది.

ఇప్పుడు మనుషుల లెక్క. బ్రిటన్‌లో హెల్త్ అండ్ సేఫ్టీ ఎగ్జిక్యూటివ్ అనే ప్రభుత్వ సంస్థ నూకుడు, గుంజుడు పనులకు ఒక కొలత ఇచ్చింది. మగమనిషికి బండిని కదిలించడానికి, ఆపడానికి 20 కిలోల బలం, కదిలిన బండిని నడపడానికి 10 కిలోలు. ఇంతకు లోపలైతే మామూలు మనిషికి పెద్దగా ముప్పు లేదని దాని అర్థం. మన 120 కిలోలను 20తో భాగిస్తే ఆరుగురు. అది కదిలించడానికే. ర్యాంపు పొడుగునా నడిపించాలంటే పన్నెండు మంది. కంప్రెసర్ వెనక ఎంత చోటు ఉంటది? ఇద్దరు, ఇరికితే ముగ్గురు. పన్నెండు మందికి చేతులు పెట్టే చోటే లేదు.

"మేము ఆరుగురం ఎక్కించినమన్నా" అని ఒకతను పంపాడు. అబద్ధమని నేను అనను. మనిషి గట్టిగా తన్నిపెట్టి 40, 50 కిలోలు కూడా నూకుతాడు. కానీ కొన్ని సెకన్లు మాత్రమే, ఊపు ఉన్నంతసేపే. సగం ర్యాంపులో ఒక్కడికి బూటు జారినా, చెమట చేతులు తుడుచుకుందామని తీసినా, వాడి వంతు అప్పటికే అలసిన మిగతావాళ్ల మీద పడతది. వాళ్లలో ఇంకొకడు వదులుతాడు. ఆరుగురి బలం తగ్గేది మెల్లగా కాదు, ఒక్కసారిగా.

వదిలితే ఏమవుతదో కూడా లెక్క ఉంది. అదే వాలు, అదే బండి: మొదటి సెకనులో 40 సెంటీమీటర్లు జారుతది. రెండో సెకనుకు మీటరున్నర. మూడో సెకనుకు మూడున్నర మీటర్లు. అయిదో సెకనుకు పది మీటర్ల కింద, గంటకు 14 కిలోమీటర్ల వేగంతో ఉంటది. సైకిల్ తొక్కే వేగమే. కానీ వెయ్యి కిలోల సైకిల్. మనకు చేతిలో ఉండేది ఆ మొదటి సెకను ఒక్కటే. ఎక్కించేటప్పుడు నూకేవాళ్లు నిలబడేది ఎక్కడ? బండి కింది పక్కన, అది జారి వచ్చే తొవ్వలోనే.

అందుకే మా దగ్గర కొంచెం వాలున్నా వెనక నుంచి నూకుడు లేదు. టెలిహ్యాండ్లర్, బాబ్‌క్యాట్, కొక్కెం ఉన్న పికప్, ఏది దొరికితే అది వచ్చేదాకా బండి కిందనే ఉంటది.

మిషన్ లేనప్పుడు చాలామంది మరిచిపోయే దారి ఇంకోటి ఉంది. బండి పైకి పోవాలా, గాలి పైకి పోవాలా? కంప్రెసర్‌ను కిందనే నిలబెట్టి హోస్ పొడిగిస్తే సరిపోయే పనికి దాన్నే పైకి మోస్తుంటారు. ఇంకో హోస్ జోడించి, ప్రతి జాయింటు దగ్గర అది ఊడి కొట్టకుండా సేఫ్టీ వైరు కట్టండి. జనరేటర్ అయితే కేబులు పొడిగించొచ్చు, మందం ఎంత ఉండాలో ఎలక్ట్రీషియన్‌ను అడగండి. నీళ్ల ట్యాంకయితే పంపు, పైపు. సగం నిండిన ట్యాంకు అన్నిటికంటే చెడ్డది. వాలు మీద నీళ్లన్నీ ఒక మూలకు పోతాయి, కదిలిన ప్రతిసారీ అటూఇటూ ఊగుతాయి. దాన్ని కదపాలంటే ఖాళీ చేసే కదపాలి.

ఇవేవీ కుదరక చేత్తోనే తప్పదంటే, ఇక్కడి నుంచి చదవండి.

కొక్కెం ఎప్పుడూ పై పక్కకే ఉండాలి, ఎక్కించినా దింపినా. అప్పుడు మనుషులు, తాడు బండికి పైన ఉంటారు. బండి మట్టపు గుండులాగ కిందికి వేలాడుతూ తాడు ఎటుంటే అటే తిన్నగా వస్తది. కొక్కెం కిందికి పెట్టి దింపితే పట్టుకున్నవాళ్లు బండి ముందట నడవాలి. జాకీ చక్రం ఒక చిన్న రాయిని తాకితే చాలు, కడ్డీ పక్కకు తిరిగి మోకాళ్లను కొడతది.

కొక్కెం పైకి పెడితే ఒక ఇబ్బంది కూడా ఉంది, అది తెలిసి చెయ్యాలి. చదును నేల మీద బండి బరువు ఇరుసుకంటే కొంచెం ముందు ఉంటది, అందుకే కొక్కెం నేలకు వొరుగుతది. మన వెయ్యి కిలోల బండికి కొక్కెం మీద 50 కిలోలు పడుతున్నాయని, కొక్కేనికి ఇరుసుకు రెండు మీటర్ల దూరమని అనుకోండి. అంటే బరువు నడిమధ్య ఇరుసుకంటే 10 సెంటీమీటర్లే ముందు ఉంది. అది ఇరుసుకంటే అర మీటరు ఎత్తులో ఉంటే, నూటికి పది వాలు మీద 5 సెంటీమీటర్లు వెనక్కి పోతది. కొక్కెం మీద బరువు సగమయింది. నూటికి ఇరవై వాలులో అసలు బరువే ఉండదు. ముక్కు తేలిపోయి, తోక నేలకు గీసుకుంటది. ఎత్తుగా ఉండే లైట్ టవర్‌కు ఇది ఇంకా ముందే జరుగుతది. కాబట్టి టవర్ మాస్టు పూర్తిగా దించి లాక్ చెయ్యండి. వెనక పెట్టెలో ఉన్న బరువులు తీసి కింద పెట్టండి. ముక్కు లేస్తుందని మనిషిని కడ్డీ మీద కూర్చోబెట్టడం నేను చూశాను. ఆ పని మాత్రం చెయ్యకండి.

బండిని వాలుకు అడ్డంగా తిప్పి వంకరటింకరగా ఎక్కిస్తే తేలిక అనేవాళ్లున్నారు. బలం తక్కువ పడుతది నిజమే. కానీ ఇరుకు చక్రాల బండి పక్కకు పడితే దాన్ని ఆపే తాడు ఏదీ లేదు. తిన్నగా పైకి, తిన్నగా కిందికి, అంతే.

హ్యాండ్ బ్రేకు గురించి. చిన్న ట్రైలర్లలో చాలావాటికి బ్రేకే ఉండదు. ఉన్నవాటిలో ఎక్కువగా బండి ముందుకు తోసుకొచ్చినప్పుడు కొక్కెం నొక్కుకుని పట్టే రకం బ్రేకు. వెనక్కి పోయేటప్పుడు పట్టెయ్యకుండా దాని డ్రమ్ములో ఒక ఏర్పాటు ఉంటది. కొక్కెం పైకి ఉన్న బండి జారితే వెనక్కే జారుతది కదా. హ్యాండ్ బ్రేకు లాగి పెట్టినా గట్టిగా పట్టుకునే ముందు బండి కొంత వెనక్కి కదలొచ్చు. ఆ కదలిక చూసి "బ్రేకు ఫెయిల్" అని అరిచి జనం ఉరుకుతారు. బ్రేకు లాగండి, కానీ దాన్ని నమ్మి చెయ్యి వదలకండి. బండిని ఆపేది చక్రం కింద దిమ్మె.

దిమ్మె అంటే హాలో బ్లాక్ కాదు, అది పగులుతది. పైపు ముక్క కాదు, అది దొర్లుతది. రబ్బరు చాక్ ఉంటే మంచిది. లేకపోతే కార్పెంటర్‌తో గట్టి చెక్కను ఏటవాలుగా కోయించుకోండి, చక్రం ఎత్తులో నాలుగోవంతు ఉండాలి. 60 సెంటీమీటర్ల చక్రానికి 15. రెండు చక్రాలకూ పెట్టాలి. ఒక్కదానికే పెడితే బండి దాని చుట్టూ తిరుగుతది. దిమ్మె పెట్టే చోట ఇసుక, సిమెంటు పొడి ఊడవండి, లేకపోతే దిమ్మె, బండి కలిసి జారుతాయి.

మా ఊళ్లో చెరువు కట్ట మీదికి ఎడ్లబండి ఎక్కేటప్పుడు చక్రం పక్కన రాయి పట్టుకుని ఒక పిల్లగాడు నడిచేవాడు. ఎడ్లు ఆగితే రాయి పెట్టేవాడు. ఇక్కడా అదే పని, కాకపోతే దిమ్మెకు పొడుగు కర్రో పైపో బిగించి, చక్రానికి పక్కన నిలబడి జరుపుతూ పోవాలి. చెయ్యి చక్రం కిందికి పోవద్దు. దిమ్మె చక్రానికి జానెడు దూరం దాటొద్దు.

గుంజడానికి నేను ఎంచుకునేది టిర్ఫోర్. తీగ తాడు లోపలి నుంచి దూరిపోయే చేతి వించి. 800 కిలోలది, 1600 కిలోలది, 3200 కిలోలది వస్తాయి. మన 120, 170 కిలోలకు చిన్నదే చాలు. ఒక్కడు లివర్ ఆడిస్తే బండి కొంచెం కొంచెం జరుగుతది. లివర్ ఆపితే బండి అక్కడే ఉంటది. మెల్లగా పోవడమే దాని మంచి గుణం. లివర్ దగ్గర చిన్న షియర్ పిన్నులు ఉంటాయి, బరువు ఎక్కువైతే విరగడానికే పెట్టినవి. విరిగితే "ఎక్కడో తట్టుకుంది" అని అర్థం. మేకో బోల్టో కొట్టి పని కానిచ్చేవాళ్లు ఆ హెచ్చరికను మూసేస్తున్నారు. లివర్ హాయిస్ట్‌తో కూడా చెయ్యొచ్చు కానీ దాని గొలుసు పొట్టిది. మీటరున్నరకు ఒకసారి దిమ్మెలు పెట్టి మళ్లీ తగిలించుకోవాలి. చైన్ బ్లాక్ నిలువుగా ఎత్తడానికి చేసింది, వాలులో దాని గొలుసు ఇరుక్కుంటది.

టిర్ఫోర్ ఎంత మంచిదైనా దాన్ని దేనికి కట్టామన్నదే అసలు సంగతి. బాగా క్యూరింగ్ అయిన కాలమ్‌కు అడుగున బెల్టు చుట్టి, మూలల్లో గోనెసంచి పెట్టి కట్టండి. స్కఫోల్డింగ్ పైపుకు, బయటకు వచ్చిన సరియాకు, బ్లాకు గోడకు కట్టొద్దు. పైన చదునులో నిలబెట్టిన పికప్‌కు కట్టొచ్చు, దాని చక్రాలకూ దిమ్మెలు పెట్టి. బిగిసిన తాడుకు తిన్నగా వెనక ఎవరూ నిలబడొద్దు. తెగితే అది కొరడా.

దింపడానికి టిర్ఫోర్ లేకపోతే గట్టి ఇనుప స్తంభానికి మంచి తాడు రెండు మూడు చుట్లు వేసి మెల్లగా వదలొచ్చు. చుట్టు పెరిగేకొద్దీ రాపిడి బరువును తినేస్తది, 80 కిలోలను ఒక్కడు కొన్ని కిలోల బలంతో ఆపగలడు. తాడును చేతికో నడుముకో చుట్టుకోకూడదు. బండి పోతే మనిషి కూడా దానితోనే పోతాడు.

ఇక మాట. ఒక గుంపులో మనవాళ్లు, నేపాలీ, బంగ్లాదేశీ, పాకిస్తానీ, మలయాళీ అందరూ ఉంటారు. అరిచేది ఒక్కడే ఉండాలి. ఆపడానికి "బస్" బాగుంటది, హిందీవాళ్లకూ అరబ్బీవాళ్లకూ ఆ మాట ఒకటే. తాడు కొంచెం వదలమనడానికి "ఛోడో" అనకండి. కొంచెం వదలమన్నారో, మొత్తం వదలమన్నారో అవతలివాడికి తెలియదు. "ఢీలా" అనండి. పని మొదలుపెట్టే ముందు ఒకసారి చదును నేల మీద ఆ మాటలతోనే బండిని ఆపి చూడండి.

ఇదంతా చెప్పాక కూడా బండి చెయ్యి దాటొచ్చు. కొన్నేళ్ల కింద మా పక్క సైటులో, వేరే కంపెనీది, పేరు అనవసరం, ఒక లైట్ టవర్‌ను అయిదుగురు ర్యాంపు ఎక్కిస్తున్నారు. జాకీ చక్రం డ్రెయిన్ జాలీలో పడి కడ్డీ తిరిగింది, బండి వెనక్కి నడిచింది. నలుగురు పక్కకు దూకారు. అయిదోవాడు మన పిల్లగాడే, గల్ఫ్‌కు వచ్చి మూడు నెలలు. వాడు బండి వెనక్కి ఉరికి భుజం పెట్టాడు. తొడ ఎముక విరిగింది. ఆసుపత్రికి చూడబోయినప్పుడు ఎందుకు ఉరికినవురా అని అడిగాను. "బండి పగిలితే జీతంలో కోస్తరనుకున్న అన్నా" అన్నాడు.

వాడికి ఆ మొదటి సెకనులో మెదడులో వచ్చింది అప్పు, వడ్డీ, ఇంటికి పంపాల్సిన పైసలు. "జాగ్రత్తగా ఉండు" అంటే ఆ భయం పోదు. అందుకే ర్యాంపు పని ముందు పెట్టే టూల్‌బాక్స్ టాక్‌లో నేను బలం, తాడు, దిమ్మె కంటే ముందు చెప్పేది ఇది: "బండి చెయ్యి దాటితే అందరూ పక్కకే. ఎవ్వరూ ముట్టొద్దు. బండికి జవాబు నేను చెప్త." హిందీలో ఒకసారి, తెలుగులో ఒకసారి. కొత్తగా వచ్చినవాడిని పేరు పెట్టి పిలిచి, వాడి నోటితో మళ్లీ చెప్పిస్తాను. ఫోర్‌మన్ అన్నలు, ఛార్జ్‌హ్యాండ్ తమ్ముళ్లు ఈ మాట ముందే చెప్పాలి, బండి జారాక చెప్పే టైము ఉండదు. కింద చివర గోడ ఉన్నా లేకపోయినా ర్యాంపు కింద టేపు కట్టి జనాన్ని ఆపండి, అప్పుడు బండి పోయినా ఇనుమే వంగుతది.

ఇంజనీరు దగ్గర ఏం చెప్పాలని కూడా అడిగారు. "దో మినట్ కా కామ్ హై" అని ఆయన అంటాడు. "డేంజర్ సార్" అంటే వినడు, రోజూ పదిమంది అనే మాటే అది. అంకె చెప్పండి. "సార్, వెయ్యి కిలోలు, వాలు పది, 120 కిలోల పుల్. ఆరుగురు కావాలె, చోటు ముగ్గురికే ఉంది. బాబ్‌క్యాట్ ఎప్పుడు వస్తది?" అదే అంకెలు ర్యాంపు ఫోటోతో వాట్సాప్‌లో పెట్టండి. ఇంగ్లీషు రాకపోయినా అంకెలు అందరికీ అర్థమవుతాయి. నాకు తెలిసి అంకె చూశాక "అయినా నూకండి" అని రాతలో పెట్టిన ఇంజనీరు లేడు.

ఒక్క టైము విషయం. ఒమాన్‌లో జూన్ నుంచి ఆగస్టు దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3:30 వరకు ఎండలో పని బంద్. ఆ ముందు అరగంటలో "బ్రేక్‌లోపు ఎక్కించేద్దాం" అనే తొందర పుడతది. అప్పటికి పొద్దుటి నుంచి ఎండలో ఉన్న మనుషులు వాళ్లు. ఈ పని పొద్దున్నే పెట్టుకోండి.

పైకి చేరాక రెండు చక్రాలూ చదునులోకి పూర్తిగా రావాలి, అంచు మీద ఆగితే రానట్టే. చక్రాలకు రెండు పక్కలా దిమ్మెలు, హ్యాండ్ బ్రేకు, జాకీ చక్రం లాక్. తర్వాత టిర్ఫోర్‌ను కొంచెం ఢీలా చేసి పదిసార్లు ఊపిరి తీసుకునేంతసేపు బండినే చూడండి. కదలకపోతే అప్పుడు తాడు విప్పండి.

మీ ర్యాంపు సందు ఎన్ని సెంటీమీటర్లు వచ్చిందో, బండి ప్లేటు మీద ఎంత బరువుందో వాయిస్ మెసేజ్‌లో పంపండి. కంపెనీ పేరు అక్కర్లేదు. వచ్చే ఎపిసోడ్‌లో నాలుగైదు తీసుకుని లెక్క చేద్దాం.